లేని చెమ్మను కొట్టివేయించుట గురించి

స్థిరాస్తి విలువల నిర్ణయాధికారి గారి సముఖమునకు, పాత గిడ్డంగి వెనుక వీధిలో మెట్లు బయటికున్న ఇంటి పై వాటా యజమాని, సరుకు నష్టాల విభాగంలో ముప్పైరెండేళ్లు పనిచేసి విరమించిన గుమాస్తా వ్రాసుకొను విన్నపము.

విషయం: నా ఇంటి కింది వాటాలో చెమ్మ, బీట, దుర్వాసన మొదలైన ఏడు లోపములు ఉన్నట్లు నేనే స్వహస్తముతో వ్రాసి సంతకం చేసిన దస్తావేజును నమ్మవద్దని కోరుట గురించి.

సూచిక: (1) నా మొదటి అర్జీ. "పత్రములు జతపరచలేదు" అని తిప్పి పంపబడినది. (2) నా రెండవ అర్జీ. "జతపరచిన పత్రములు అర్జీకి విరుద్ధముగా నున్నవి" అని తిప్పి పంపబడినది.

అయ్యా,

గత రెండు అర్జీల్లోనూ అసలు సంగతి నాలుగో పేజీలో పెట్టాను. అంతదూరం ఎవరూ వచ్చినట్టు లేదు. అందుచేత ఈసారి ముందే మనవి చేస్తున్నాను. నా భార్యకు ఎడమ పక్క పడిపోయి పదకొండు నెలలైంది. చదునైన నేల మీద కర్ర పట్టుకుని నెమ్మదిగా నడుస్తుంది. మెట్లు దిగలేదు. మేముండేది పై వాటా, మెట్లు పంతొమ్మిది, కుర్చీలో కూర్చోబెట్టి దింపుదామంటే మలుపు దగ్గర కుర్చీ తిరగదు. ఈ వాటా అమ్మి నేల మీద రెండు గదులు కొనుక్కోవాలన్నది మా కోరిక. వాటా అమ్ముడుపోవడం లేదు. దానికి కారణం తమ కార్యాలయం కట్టిన విలువ. ఆ విలువకు కారణం నేను. అర్జీ ఇంతే. మిగిలినదంతా ఇది ఎలా జరిగిందో వివరం.

1. ఇల్లు కట్టి ఇరవై మూడేళ్లు. రెండు వాటాలు. నాలుగేళ్ల కిందట కింది వాటాను నా తమ్ముడికి అమ్మాను. మా వీధిలో ఇరవై రెండు ఇళ్లున్నాయి. గత పదేళ్లలో చేతులు మారినది ఆ కింది వాటా ఒక్కటే. తమ కార్యాలయం పద్ధతి ప్రకారం ఒక ఇంటికి విలువ కట్టాలంటే ఆ వీధిలో ఈ మధ్య అమ్ముడైన ఇళ్లు ఏ ధరకు పోయాయో చూస్తారు. హెచ్చుతగ్గులు సరిచేసి దీనికీ అంతే అని రాస్తారు. న్యాయమైన పద్ధతే. పది అమ్మకాలున్న చోట ఒక పిచ్చివాడు కారుచౌకగా అమ్ముకున్నా మిగతా తొమ్మిది మంది సర్దేస్తారు. మా వీధిలో ఆ తొమ్మిది మంది లేరు. పిచ్చివాడొక్కడే ఉన్నాడు.

2. నేను తమ్ముడికి అమ్మిన ధర బజారు ధరలో మూడో వంతు. నాకు లెక్క రాక కాదు.

మా తమ్ముడు బస్సు కండక్టరు. ఒకరి చిల్లర వాడి దగ్గర ఉండదు, వాడి చిల్లర ఒకరి దగ్గర ఉండనివ్వడు. ఒకసారి హోటల్లో కాఫీకి నేను డబ్బులిచ్చేశానని, మర్నాడు డ్యూటీ దిగి నడుచుకుంటూ మా ఆఫీసుకు వచ్చి, నా బల్ల మీద వాడి కాఫీ డబ్బులు పెట్టి వెళ్లాడు. అలాంటి వాడు అప్పటికి ఆరేళ్లుగా మా కింది వాటాలో అద్దెకుంటున్నాడు. సొంత గడప ఉండాలని వాడికి ఎంత ఆశో నాకు తెలుసు. ఊరికే రాసిస్తానంటే ఆ సాయంత్రమే సామాను సర్దుకుని వేరే ఇంటికి పోతాడనీ తెలుసు. వాడు ఎంత కూడబెట్టాడో వాడు నాకు చెప్పలేదు. వాడి భార్య మా ఆవిడకు చెప్పింది. తోడికోడళ్ల మధ్య రహస్యాలుండవు కదా.

అందుచేత, అయ్యా, ధర ముందు పుట్టింది. లోపాలు తర్వాత పుట్టాయి. బజారు ధర పైన వేసుకుని, వాడి దగ్గరున్న మొత్తం కింద వేసుకుని, మధ్యలో ఉన్న గొయ్యిని ఏయే లోపాలతో పూడ్చాలా అని మూడు రోజులు కూర్చున్నాను. విలువ కట్టడం అంటే కింది నుంచి పైకి పోవడమని తమరికి తెలుసు. నేను పై నుంచి కిందికి దిగాను.

3. సదరు లోపములు దస్తావేజు రెండవ పుటలో ఉన్నవి ఉన్నట్లు:

(అ) పడమటి గోడ మూరెడు ఎత్తున చెమ్మ పట్టి, వ్రేలితో నొక్కిన సున్నము రాలుచున్నది. (ఆ) హాలు గోడకు నేల నుండి పైకప్పు వరకు బీట గలదు. (ఇ) నేల ఒక ప్రక్కకు వాలియున్నది, గోలీ వదిలిన దానంతటది దొర్లును. (ఈ) మురుగు గొట్టము నుండి విడువని దుర్వాసన. (ఉ) పట్టపగలు సైతము దీపము వెలిగింపవలసిన చీకటి. (ఊ) వంటింటి కిటికీ తలుపు మూసుకొనదు. (ఋ) వృద్ధులు, దీర్ఘరోగులు నివసించుటకు ఎంతమాత్రము తగదు.

ఇందులో ఒక్కటీ నిజం కాదు. కాని ఎంత బాగా ఉన్నాయో తమరే చూడండి. ముప్పైరెండేళ్లు నా బల్ల మీద తడిసిన పంచదార, పగిలిన అద్దాలు, ఎలుకలు కొట్టిన గుడ్డ బేళ్లు తప్ప ఇంకోటి లేదు. నష్టాన్ని కాగితం మీద పెట్టడంలో మా ఆఫీసులో నా అంతవాడు లేడు. "తడిసినది" అని రాస్తే ఎవరూ నమ్మరు. ఎంత ఎత్తున తడిసింది, ముట్టుకుంటే ఏమవుతుంది అని రాస్తే నమ్ముతారు. తమ కార్యాలయం నమ్మినందుకు నేను తప్పు పట్టడం లేదు. నేనే అయినా నమ్మేవాణ్ణి.

ఐదు లోపాలు రాసినా అంకె దిగలేదు. ఆరోది మా ఆవిడ అందించింది.

"వంటింటి కిటికీ మూసుకోదని రాయండి."

"శుభ్రంగా మూసుకుంటుంది కదే."

"రేపటి నుంచి మూయొద్దని తోడికోడలితో చెప్తాలెండి."

ఏడోది నా సొంతం. అప్పటికి మా ఇంట్లో జబ్బు మనిషి లేదు. ఎవరికీ తగలని లోపం కదా అనుకుని రాశాను. ఆ వాక్యం ఇప్పుడు రోజుకోసారైనా గుర్తొస్తుంది, గుర్తొచ్చినప్పుడు చెయ్యి నరుక్కోవాలనిపిస్తుంది.

4. ఈ ఏడింటినీ తమ్ముడికి నేనే చదివి వినిపించాను. తల వంచుకుని విన్నాడు. ఎత్తలేదు.

"మరీ ఇంత పాడైపోయిందా అన్నయ్యా," అన్నాడు చివరికి.

"నువ్వు పొద్దున పోతే రాత్రికి వస్తావు. నీకెలా తెలుస్తుంది?"

"సరేలే. తక్కువకు ఇస్తున్నావని ఎవరైనా అనుకుంటారేమోనని అడిగాను."

"దీనికి ఇంతకంటే ఎవడిస్తాడు? నువ్వే ఎక్కువ ఇస్తున్నావు," అన్నాను.

వాడు సంతకం పెట్టాడు. ఆ రోజు నా అంత తెలివైనవాడు ఈ లోకంలో లేడనుకున్నాను. కర్ర విరగలేదు, పాము చచ్చింది. ఆ పాము తమ కార్యాలయంలో బతికి ఉందని తర్వాత తెలిసింది.

5. మా ఆవిడకు జబ్బు చేసిన మూడో నెలలో పై వాటా అమ్మకానికి పెట్టాను. తమ్ముడికి తెలియనివ్వలేదు. వాడు డ్యూటీలో ఉన్న వేళకే చూసేవాళ్లను రమ్మన్నాను. నలుగురు వచ్చారు, నలుగురికీ నచ్చింది. నలుగురూ బ్యాంకుకు వెళ్లారు. బ్యాంకు వాళ్లు తమ కార్యాలయం విలువ పత్రం అడిగారు. పత్రంలో మూడో వంతు ఉంది. బ్యాంకు అందులోనూ కొంత కోసి అప్పిస్తుంది కాబట్టి, మిగతాది చేతి నుంచి పెట్టగలిగిన వాళ్లు ఆ నలుగురిలో లేరు.

ఐదో ఆయన వచ్చాడు. ఈయన ఇళ్లు ఉండటానికి కొనడు, ఉంచడానికి కొంటాడు. తెల్ల చొక్కా, చేతిలో ఒక చిన్న పుస్తకం. మర్యాదస్తుడు, మెట్లెక్కగానే మా ఆవిడను పలకరించాడు. గోడలు చూడలేదు. కిటికీలు తెరవలేదు. తమ విలువ పత్రం మాత్రం రెండుసార్లు చదివాడు.

"ఇందులో ఉన్నది మొత్తం ఇప్పుడే ఇచ్చేస్తాను మాస్టారూ."

"అసలు ధర ఇంతకు మూడింతలండీ."

"కావచ్చు. మీరు ఇంటిని చూస్తారు, నేను దాని కాగితాన్ని చూస్తాను. కాగితం మారిందనుకోండి, కబురు చేయండి, మారిన ధరే ఇస్తాను."

"మారకపోతే?"

"మారకపోతే మీకూ నేనే దిక్కు," అన్నాడు. నవ్వుతూ అనలేదు, జాలిగానే అన్నాడు. అందుకే నాకు ఎక్కువ భయమేసింది. ఆయనిచ్చే దానితో నేల మీద రెండు గదులు కాదు కదా, ఒక వరండా కూడా రాదు.

6. పోలిక పద్ధతి నాకు కుదరదు, వేరే పద్ధతిలో కట్టండి అని తమ కార్యాలయం నాలుగో కౌంటరులో అడిగాను. అక్కడ కూర్చునే అమ్మాయి ఓపికమంతురాలు. ఇంకా రెండు పద్ధతులున్నాయని చెప్పి, రెంటి ప్రకారమూ నా కళ్ల ముందే లెక్క వేసింది.

మొదటిది కట్టుబడి పద్ధతి. ఇదే ఇల్లు ఇవాళ కడితే ఎంతవుతుందో చూసి, అందులోంచి ఇంటి వయసును, లోపాలను తీసేయడం. వయసు తీసేసింది. తర్వాత లోపాలు ఎక్కడున్నాయా అని వెతికి, పై వాటాకు పునాదీ గోడలూ కింది వాటావే కనుక, నా దస్తావేజు తెరిచింది. ఏడూ తీసేసింది.

రెండోది అద్దె పద్ధతి. ఇల్లు ఏడాదికి ఎంత అద్దె తెస్తుందో దాన్నిబట్టి దాని విలువ కట్టడం. ఈ ఇంట్లో ఎవరైనా అద్దెకున్నారా అని అడిగింది. మా తమ్ముడు ఆరేళ్లు ఉన్నాడని చెప్పాను. అద్దె ఎంత అంది. చెప్పాను. ఆ అమ్మాయి పెన్ను పక్కన పెట్టి నా మొహం చూసింది.

"నెలకా సార్, వారానికా?"

నెలకే. ఊరికే ఉండమంటే ఉండడని పెట్టిన అద్దె అది.

"పోలికే నయం సార్. మిగతా రెండిట్లో ఇంకా తగ్గుతోంది," అంది.

అయ్యా, ఒక ఇంటి విలువకు మూడు తలుపులుంటే మూడింటికీ నా చేత్తో నేనే గడియ పెట్టుకున్నాను. అదీ లోపల ఉండి కాదు, బయట నుంచి.

7. నా రెండో అర్జీ మీద కొలతల ఉద్యోగి స్వయంగా తనిఖీకి వచ్చారు. ఇక గట్టెక్కాననుకున్నాను. ఉన్న గోడను చూస్తే లేని చెమ్మ సంగతి తేలిపోతుంది కదా. తమ్ముడికి మాత్రం, "పన్ను లెక్కల కోసం ఎవరో వస్తారట, ఇల్లు చూపించు," అని అంటీముట్టనట్టు చెప్పాను. ఆ రోజు వాడికి సెలవు.

తమరు తనిఖీ నివేదిక చూసే ఉంటారు. "పడమటి గోడ అరచేతికి తడి తగులుచున్నది. వంటింటి కిటికీ మూసుకొనలేదు. యజమాని స్వయముగా ఏడు లోపములను వరుసగా చూపించి సహకరించినారు." ఇది చదివి నేను కింది వాటా గోడ దగ్గరకు వెళ్లి తడిమి చూశాను. ఎండు కొబ్బరి చిప్పలా ఉంది. ఆ ఒక్క రోజు తడి ఎక్కడి నుంచి వచ్చిందో నాకు ఇప్పటికీ అంతుబట్టలేదు. అబద్ధం నాలుగేళ్లు ఒకే చోట ఉంటే గోడకు నిజంగానే పడుతుందేమో, నాకు తెలియదు.

8. వీధి సంగతి. నా అమ్మకం వల్ల ఇరవై రెండు ఇళ్ల విలువా పడిపోయింది. మొదటి ఏడాది ఇంటి పన్ను తగ్గింది. అప్పుడు వీధి వీధంతా నన్ను మెచ్చుకుంది. ఎదురింటి దర్జీ నాకు చొక్కా కుట్టి కూలి కూడా పుచ్చుకోలేదు. రెండో ఏడాది అదే దర్జీ కొట్టు పెంచుకోవడానికి ఇల్లు చూపించి అప్పు అడగబోతే, పన్ను తగ్గించిన కాగితమే అడ్డం పడింది. పన్ను కట్టేటప్పుడు ఇల్లు చిన్నదిగా కనబడాలి, అమ్మేటప్పుడు పెద్దదిగా కనబడాలి అని అందరికీ ఉంటుంది. కాగితం ఒకటే కదా.

ఇప్పుడు వీధిలో నా పేరు చెమ్మ మాస్టారు. పోయిన నెల దర్జీకి ప్యాంటు అంచు మడిచి కుట్టమని ఇచ్చాను. ఒక కాలు సరిగ్గా కుట్టి, రెండో కాలు మూడో వంతుకు కోసి ఇచ్చాడు.

"ఇదేమిటయ్యా?"

"మీ లెక్కే మాస్టారూ," అన్నాడు.

కూలి ఇచ్చి, ప్యాంటు మడిచి పట్టుకుని వచ్చేశాను.

9. ఇక చిక్కుముడి. నా అమ్మకాన్ని పోలిక జాబితా నుంచి తీసేయడానికి తమ నిబంధనల్లో ఒక దారి ఉంది. బంధుత్వం వల్ల ధర తగ్గించి అమ్మినట్లు అమ్మినవాడు, కొన్నవాడు ఇద్దరూ ఒక పత్రం మీద సంతకాలు పెడితే చాలు. తక్కువ పడిన రుసుము, దాని మీద జరిమానా నేను కడతాను. తప్పుడు దస్తావేజు రాసినందుకు ఏ శిక్ష వేసినా తల వంచుతాను. కాని కొన్నవాడి సంతకం కావాలి. నేను తేకపోతే కార్యాలయమే వాడికి నోటీసు పంపుతుంది.

ఆ నోటీసులో ఏముంటుందో నాలుగో కౌంటరు అమ్మాయి చూపించింది. "మీకు మీ అన్నగారు ఆస్తిని దయతో తక్కువ ధరకు ఇచ్చినట్లు తెలిపినందున" అని ఉంటుంది. దయతో అట. కాఫీ డబ్బులు తిరిగిచ్చినవాడికి ఆ కాగితం అందిస్తే ఏమవుతుంది? వాడు ఆ ఇంటికి సున్నం వేసుకున్నాడు, గుమ్మానికి రంగు వేసుకున్నాడు. "నా కష్టంతో కొన్నాను" అని తోటి కండక్టర్లకు చూపించుకున్నాడు. ఆ ఒక్క మాట మీద వాడు నిలబడి ఉన్నాడు. దాన్ని లాగేయమంటున్నారు.

ఇంకో సంగతి కూడా ఉంది. నెలకోసారి మా ఆవిడను ఆసుపత్రికి తీసుకెళ్లాలంటే ఆ పంతొమ్మిది మెట్లూ దించేది వాడే. రెండు చేతుల మీద ఎత్తుకుని, "జాగ్రత్త వదినా, మలుపొస్తోంది," అంటూ దింపుతాడు. కింది మెట్టు దగ్గర, "దిగాల్సినవాళ్లు దిగండి," అంటాడు. ఆవిడ ఆ నెలలో నవ్వేది ఆ ఒక్కసారే. నోటీసు అందాక వాడు మా మెట్లు ఎక్కుతాడా? ఆవిడను కిందికి తేవడానికి నేను ఆడే నిజం, ఆవిడను దింపే చేతుల్ని తీసేస్తుంది. ముందు నుయ్యి, వెనుక గొయ్యి అంటారు. నావి రెండూ నేను తవ్వినవే.

10. "మీ తమ్ముడితో వాటాలు మార్చుకోవచ్చు కదా సార్, వాళ్లు పైకి, మీరు కిందికి," అని కూడా ఆ అమ్మాయి అంది. చిన్నపిల్ల, దానికి తోచినది నాకు తోచదా? కాని ఏ మొహంతో అడగను? కింది వాటా రోగులకు ఎంతమాత్రము తగదని రాసిచ్చినవాణ్ణి నేను. ఇప్పుడు నా రోగిని అక్కడ పెడతానంటే, మిగతా ఆరూ ఏమిటో వాడికి ఆ క్షణంలో తెలిసిపోతుంది. అడగడమంటే నోటీసు నా నోటితో నేను ఇవ్వడమే.

11. పై కారణములచేత నేను ప్రార్థించునది ఏమనగా: సదరు అమ్మకమును కొనుగోలుదారునికి నోటీసు పంపకుండా, అతని సంతకం అడగకుండా, అతనికి ఏ విధంగానూ తెలియకుండా, పోలిక జాబితా నుండి తొలగించవలెను. ఇందుకు నిబంధన లేదని తెలుసు. ముప్పైరెండేళ్లు నిబంధన లేదని ఇతరుల అర్జీలు తిప్పి పంపినవాణ్ణి నేనే. తడిసిన సరుకుకు పరిహారం అడిగిన వాళ్లను, "తడవక ముందు తూకం చీటీ ఏదీ?" అని అడిగేవాణ్ణి. వాళ్లు కౌంటరు ముందు ఎందుకు అలా నిలబడిపోయేవారో ఇప్పుడు తెలుస్తోంది.

నిబంధన లేని చోట తమ దయ ఉంటుందేమోనన్న ఆశతో ఈ మూడో అర్జీ పెట్టుకుంటున్నాను. ఇందులో అబద్ధాలు లేవు. ఉన్నవన్నీ దస్తావేజులో అయిపోయాయి. తప్పు నాదిగా, మెట్ల మీద చిక్కుకున్న మనిషి ఏ తప్పూ ఎరుగనిదిగా చిత్తగించవలెను.

తమ విధేయుడు,
పై వాటా యజమాని

తా.క.: అయ్యా, పై అర్జీ నిన్న ముగించి బల్ల మీద పెట్టాను. ఈ ఉదయం జరిగినది విడిగా రాయాలని కూర్చున్నాను గాని ఆఫీసు భాష రావడం లేదు. మన్నించాలి.

ఇవాళ ఆసుపత్రి రోజు. తమ్ముడు పైకి వచ్చాడు. నేను ఆటో కోసం వీధి చివరికి వెళ్లాను. తిరిగి వచ్చేసరికి వాడు మంచం పక్కన కూర్చుని ఉన్నాడు. చేతిలో తమకు రాసిన అర్జీ. చివరి పేజీలో ఉన్నాడు.

తేలు కుట్టిన దొంగలా గుమ్మంలోనే ఆగిపోయాను.

"నేనే ఇచ్చాను," అంది మా ఆవిడ. ఆవిడ మాట ఇప్పుడు నెమ్మదిగా, ఒక్కొక్కటిగా వస్తుంది. "చదవమని నేనే ఇచ్చాను."

తమ్ముడు కాగితాలు సర్ది పక్కన పెట్టాడు.

"అన్నయ్యా, ఆరేళ్లు అద్దెకున్నాను ఆ ఇంట్లో. గోడ తడిగా ఉందో పొడిగా ఉందో నాకు తెలియదా?"

ఇది నాకెందుకు తట్టలేదో తమరు అడగవద్దు. నాలుగేళ్లలో ఒక్కసారి కూడా తట్టలేదు.

"నువ్వు ఆ ఏడూ చదువుతుంటే తల వంచుకున్నానే, ఎందుకనుకున్నావు? నీ మొహం చూస్తే ఏడ్చేస్తానని. నమ్మినట్టు కూర్చోవడానికి ఎంత కష్టపడ్డానో నీకేం తెలుసు."

వాడే మళ్లీ అన్నాడు: "నా దగ్గరున్న మొత్తం ఎంతో, చివరి అంకెతో సహా అంతకే దిగింది ధర. టిక్కెట్లు కొట్టుకునేవాణ్ణి, ఆ మాత్రం లెక్క నాకు తెలియదా?"

"తెలిసి ఎందుకు పెట్టావురా సంతకం?"

"మూడు రోజులు కూర్చుని రాశావని నీ మరదలు అప్పుడే చెప్పింది. అంత కష్టపడి రాసినవాడికి కాదని ఎలా చెప్పను?"

కొలతల ఉద్యోగి వచ్చిన రోజు తడి గురించి అడిగాను. ఆయన సందు మలుపు తిరగడం చూసి గోడకు రెండు బకెట్ల నీళ్లు కొట్టానన్నాడు.

"నువ్వు సంతకం పెట్టిన మాట పై ఆఫీసువాళ్ల ముందు అబద్ధమైతే నీకు తలవంపులు కాదా? నువ్వు ఇల్లు అమ్ముతున్నావని నాకేం తెలుసు? పన్ను కోసం వచ్చాడన్నావు."

వాడు ఒకసారి మా ఆవిడ వైపు చూసి మళ్లీ నా వైపు తిరిగాడు.

"వదినని కిందికి తెచ్చుకుందామని నీ మరదలు పదకొండు నెలలుగా పోరుతోంది. ఎలా అడగను? అక్కడ రోగులుండకూడదని రాసిచ్చావు. బాగానే ఉంటుంది రమ్మంటే, నాకు అన్నీ తెలుసని నీకు తెలిసిపోతుంది. నువ్వు సిగ్గుపడతావని ఊరుకున్నాను."

అయ్యా, ఒకే మేడకు పైన నేను, కింద వాడు, ఒకరి పరువు ఒకరం కాపాడుకుంటూ కూర్చున్నాం. మధ్యలో ఆవిడ మంచం మీద ఉండిపోయింది. ఇద్దరం పెద్దవాళ్లం. ఇద్దరికీ నోళ్లున్నాయి. ఇంతకంటే సిగ్గుపడాల్సినది నా దస్తావేజులో ఏమీ లేదు.

"ఏడోది," అంది మా ఆవిడ. "ముందు... ఏడోది కొట్టెయ్యండి."

కొట్టేశాం. ఆసుపత్రికి వెళ్లొచ్చాం. మధ్యాహ్నానికి మా మంచం కిందికి వెళ్లింది, వాళ్ల బీరువా పైకి వచ్చింది. దర్జీ కూడా ఒక చెయ్యి వేశాడు. అమ్మకం, కొనుగోలు ఏమీ లేవు. ఎవరి వాటా వాళ్లదే, ఎవరు ఎక్కడ పడుకుంటారన్నది మాత్రం మారింది. తెల్ల చొక్కా ఆయన అడిగితే అలాగే చెప్పండి. ఇక పై వాటా ఎంత చేస్తుందన్నది నాకు తక్షణం అక్కరలేదు. అయినా అర్జీ ఉపసంహరించుకోవడం లేదు. వీధిలో ఇరవై ఒక్క ఇళ్లు నా మూలాన మునిగి ఉన్నాయి.

కొన్నవాడి సంతకంతో పత్రం జతపరిచాను. "ధర తగ్గుటకు కారణము" అన్న గడిలో "బంధుత్వ ప్రీతి" అని రాయమన్నాను, తమ కార్యాలయానికి అది చాలుతుందని. వాడు వినలేదు. కలం పట్టుకుని కాసేపు ఆలోచించి "మా అన్నయ్య" అని రాశాడు. ఆ గడిలో అది సరిపోదని తమరు తిప్పి పంపితే నాలుగో అర్జీ పెట్టుకుంటాను గాని, ఆ రెండు మాటలూ దిద్దించను.

మళ్లీ తనిఖీ అవసరమైతే మెట్లెక్కవద్దు. కింది తలుపు తట్టండి. మా ఆవిడే వచ్చి తీస్తుంది. కొంచెం ఆలస్యమవుతుంది, ఎవరూ లేరనుకుని వెళ్లిపోకండి.